కెమెరా గోడకు బిగించాలా, చూరు కిందా?

కెమెరా కొనేటప్పుడు మెగాపిక్సెళ్ల గురించి గంటలకొద్దీ ఆరా తీస్తాం. దాన్ని ఎక్కడ బిగించాలన్నది మాత్రం నిచ్చెన ఎక్కాక ఆలోచిస్తాం. అందుకే చాలా ఇళ్లలో రికార్డింగ్ తీసి చూస్తే, వచ్చినవాడి టోపీ మీది కుట్టు దాకా కనబడుతుంది గానీ ముఖం కనబడదు.

ఇక్కడ చూరు అంటున్నది ఒక్క పెంకుటింటి చూరునే కాదు. గోడ దాటి బయటికి వచ్చిన స్లాబ్ అడుగు, కిటికీ మీది సన్‌షేడ్ అడుగు, పోర్టికో సీలింగ్, వాలు కప్పు అంచు కింద కొట్టిన పలక, అన్నీ ఇందులోకే వస్తాయి. కెమెరా నేలవైపు తలకిందులుగా వేలాడే చోటు అనుకోండి.

తొందరలో ఉన్నవాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తాం. మనిషి ముఖం గుర్తుపట్టాలంటే గోడ. ఆవరణ మొత్తం మీద ఓ కన్ను ఉంచాలంటే చూరు. రెండూ ఒకే కెమెరాతో కావాలంటే రెండూ సరిగా రావు. ఈ మాట చాలామందికి నచ్చదు కానీ, కారణం లెక్కలోనే ఉంది.

ఎత్తు లెక్క

ముఖం గుర్తుపట్టేలా పడాలంటే కెమెరా చూపు ముఖం మీదికి 15 డిగ్రీలకు మించి వాలకూడదు. 20 డిగ్రీల దాకా సర్దుకోవచ్చు. అది దాటితే కనుబొమల నీడ కళ్ల మీద పడుతుంది, టోపీ ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

సగటు మనిషి ముఖం నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుందాం. గోడకు 2.7 మీటర్ల ఎత్తులో, అంటే సుమారు 9 అడుగుల్లో కెమెరా పెడితే తేడా 1.1 మీటర్లు. మనిషి 4 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు వాలు 15 డిగ్రీలు. సరిగ్గా సరిపోయింది. అదే కెమెరాను పై అంతస్తు చూరు కింద 5.5 మీటర్ల ఎత్తులో పెట్టారనుకోండి. తేడా 3.9 మీటర్లు అవుతుంది. అదే 4 మీటర్ల దూరంలో వాలు 44 డిగ్రీలు. 15 డిగ్రీలకు రావాలంటే మనిషి 14.5 మీటర్ల అవతల ఉండాలి.

ఉంటే ఉండనీ, దూరం నుంచే చూస్తుందిలే అనిపిస్తుంది. ఇక్కడే రెండో లెక్క అడ్డం తిరుగుతుంది. నిఘా కెమెరాలకు వాడే యూరప్ ప్రమాణం ఈఎన్ 62676-4 (2015 కూర్పు) ప్రకారం, పరిచయం లేని మనిషిని ఫలానా అని నిర్ధారించడానికి దృశ్యంలో ప్రతి మీటరు వెడల్పుకూ 250 పిక్సెళ్లు కావాలి. తెలిసినవాణ్ని గుర్తుపట్టడానికి 125, ఏం చేస్తున్నాడో గమనించడానికి 62, ఎవరో ఉన్నారని పసిగట్టడానికి 25 చాలు. నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మ వెడల్పు 2560 పిక్సెళ్లు. 2.8 మి.మీ. లెన్స్ సుమారు 100 డిగ్రీల వెడల్పు చూస్తుంది. దూరాన్ని 2.4తో గుణిస్తే ఆ దూరంలో కెమెరాకు కనబడే వెడల్పు వస్తుంది. ఆ లెక్కన 250 పిక్సెళ్లు దక్కేది 4.3 మీటర్ల దాకానే. 14.5 మీటర్ల దగ్గర దక్కేది 74. అంటే ఎవరో వచ్చారు, ఏదో చేస్తున్నారు అన్నంత వరకే.

కాబట్టి ఎత్తుగా పెట్టిన కెమెరాకు దగ్గర మనిషి నడినెత్తి కనబడుతుంది, దూరపు మనిషి చుక్కలా కనబడతాడు. మధ్యలో పనికొచ్చే చోటంటూ మిగలదు. తప్పనిసరై ఎత్తులోనే పెట్టాల్సి వస్తే లెన్స్ మార్చాలి. 4 మి.మీ. లెన్స్ (సుమారు 80 డిగ్రీలు) అదే 250 పిక్సెళ్లను 6 మీటర్ల దాకా ఇస్తుంది, 6 మి.మీ. (సుమారు 52 డిగ్రీలు) 10 మీటర్ల దాకా. సెన్సార్ పరిమాణాన్ని బట్టి ఈ డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి. పెట్టె మీద రాసిన కోణం చూసి మళ్లీ లెక్క వేసుకోండి.

ఒక్క అంతస్తు చూరు 2.7 నుంచి 3 మీటర్ల ఎత్తులో ఉంటే ఈ గొడవ లేదు. అప్పుడు గోడా, చూరూ ఎత్తు విషయంలో సమానమే. ఎంపిక మిగతా విషయాల మీద ఆధారపడుతుంది.

చూరుకు ఒక మంచి గుణం ఉంది. గోడ కెమెరాకు తన కాళ్ల కింద కనబడదు. 2.7 మీటర్ల ఎత్తులో 25 డిగ్రీలు కిందికి వంచిన 2.8 మి.మీ. కెమెరాకు గోడ పక్కన సుమారు 2 మీటర్ల నేల చూపులోకి రాదు. గోడకు ఆనుకుని నడిచేవాడు దర్జాగా వెళ్లిపోవచ్చు. అరవై సెంటీమీటర్లు బయటికి వచ్చిన చూరు అంచున పెట్టిన కెమెరాను గోడవెంట తిప్పితే తలుపులు, కిటికీలు వరసగా కనబడతాయి. తలుపుల మీద నిఘా ముఖ్యమైతే ఈ ఒక్క కారణానికే చూరు ఎంచుకోవచ్చు.

రాత్రి తెల్లబారే బొమ్మ

పగలు బ్రహ్మాండంగా కనబడి రాత్రి పొగమంచు పట్టినట్టు అయిపోయే కెమెరాల్లో చాలావాటికి జబ్బు లెన్స్‌లో ఉండదు, చోటులో ఉంటుంది. కెమెరాలోని ఐఆర్ (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్) దీపాల వెలుగు పక్కనున్న తెల్ల గోడకో, తల మీది చూరుకో తగిలి తిరిగి లెన్స్‌లో పడుతుంది. దూరం పెరిగేకొద్దీ వెలుగు దూరపు వర్గం లెక్కన తగ్గుతుందన్నది బళ్లో చదివిందే. 20 సెంటీమీటర్ల దూరంలోని సున్నం గోడకూ, 10 మీటర్ల దూరంలోని మనిషికీ దూరంలో తేడా 50 రెట్లు, పడే వెలుగులో తేడా 2500 రెట్లు. కెమెరా ఆ గోడను చూసి అబ్బో చాలా వెలుగుందనుకుని ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. ఫ్రేమ్‌లో ఒక మూల మాత్రం మెరిసిపోతూ, మనిషి రావాల్సిన చోటు చీకటిగా మిగులుతుంది.

గోడ మీద పెట్టినప్పుడు తల మీది చూరు ఎంత దూరంలో ఉండాలి? 60 సెం.మీ. చూరు కింద, 15 డిగ్రీలు వంచిన కెమెరాను తీసుకోండి. దాని చూపు పై అంచు అడ్డంగా ఉన్న గీతకంటే 12 డిగ్రీలు పైకి లేస్తుంది. కెమెరా తానే గోడ నుంచి 10 సెం.మీ. ముందుకు వచ్చి ఉంటుంది కాబట్టి చూరు ఇంకో 50 సెం.మీ. ముందుకు ఉన్నట్టు. లెక్క ప్రకారం 11 సెం.మీ. కిందికి దించితే చూరు ఫ్రేమ్‌లో పడదు. కానీ ఐఆర్ వెలుగు ఫ్రేమ్‌కంటే వెడల్పుగా చిమ్ముతుంది. అందుకని కనీసం 30 సెం.మీ. వదలండి. 45 వదిలితే ఇంకా నయం.

చూరు కింద బిగించినప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. టరెట్ కెమెరా (కనుగుడ్డులా ఉండేది) లెన్స్ చూరుకు 7 సెం.మీ. కిందే ఉంటుంది. గోడ మూలకు నెట్టి పెడితే ముందంతా చూరే, పక్కనంతా గోడే. చూరు అంచు నుంచి 15 సెం.మీ. లోపల కెమెరా మధ్యభాగం వచ్చేలా పెట్టండి. మరీ అంచుకు జరిపితే ఇంకో చిక్కు. వర్షం నీరు అంచు పట్టుకుని లోపలికి పాకకుండా స్లాబ్ అడుగున సన్నటి నీటి గాడి తీసి ఉంటుంది. దానికి బయటివైపు బిగిస్తే ప్రతి వానకీ నీళ్లు కెమెరా మీదికే కారతాయి. గాడిని పుట్టీతో పూడ్చేసి ఉంటే కెమెరా సంగతి తర్వాత, ముందు గాడి తీయించండి.

గోడవెంట చూసే కెమెరా అయితే గోడ ఫ్రేమ్‌లో అంచుకు సన్నగా తగిలేంతవరకే ఉండనివ్వండి. ఫ్రేమ్‌లో మూడో వంతు గోడే ఉందంటే రాత్రి ఆ కెమెరా గోడకు కాపలా కాస్తున్నట్టే.

వాన, ఎండ, సాలీడు

చూరు కింద వాన పడదు, ఎండ నేరుగా తగలదు, లెన్స్ మీద బొట్లు నిలవవు. తూర్పుకో పడమరకో చూసే కెమెరాకు చూరే గొడుగు. ఇదంతా నిజమే. చెప్పని సంగతి ఇంకోటుంది. వాన తగలదు కాబట్టి దుమ్ము కూడా కడగబడదు. గోడ మీది బుల్లెట్ కెమెరా (గొట్టంలా ముందుకు చాచుకుని ఉండేది) అద్దాన్ని నాలుగు వానలు కడిగిపెడతాయి. చూరు కిందిది మనం తుడిచేదాకా అలాగే ఉంటుంది.

ఇక సాలీళ్లు. గాలీ వానా తగలని మూల, పైగా ఎప్పుడూ కాస్త వెచ్చగా ఉండే వస్తువు. వాటికి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. లెన్స్ ముందు ఒక్క పోగు సాగినా రాత్రి ఐఆర్‌కు అది ట్యూబ్‌లైటులా మెరుస్తుంది. గాలికి ఊగినప్పుడల్లా ఫోన్‌కు అలర్టు వస్తుంది. రెండు మూడు నెలలకోసారి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డను తడిపి తుడవాలి. డోమ్ (బుడగలాంటి మూత ఉన్న కెమెరా) మీద అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ కొట్టకండి, పాలికార్బొనేట్ మసకబారిపోతుంది. చీపురుతో దులపడం ఇంకా పాపం, గీతలు పడతాయి.

వాన తగిలే చోట ఐపీ66 లేదా ఐపీ67 ముద్ర (నీరూ దుమ్మూ చొరబడవని గుర్తు) ఉన్న కెమెరానే వాడండి. చూరు కింద కూడా అదే వాడండి. ఏటవాలుగా కొట్టే జల్లుకు చూరు ఉందని తెలియదు.

ఏ ఆకారం ఎక్కడికి

డోమ్ పుట్టుకే సీలింగ్ కోసం. దాన్ని నేరుగా గోడకు బిగిస్తే చాలా మోడళ్లలో లెన్స్ వంగే హద్దు చాలదు. వాన నీరు బుడగ మీదుగా జారి కింది అంచున, సరిగ్గా చూపు ముందు నిలుస్తుంది. గోడకే కావాలంటే ఎల్ ఆకారపు బ్రాకెట్ వేసి, దాని కింద సీలింగుకు వేలాడినట్టు వేలాడదీయాలి. డోమ్‌లో ఇంకో మెలిక ఉంది. లెన్స్ చుట్టూ ఉండే నల్ల స్పాంజి రింగు బుడగకు లోపలినుంచి గట్టిగా ఆనాలి. మూత బిగించేటప్పుడు అది పక్కకు జరిగితే ఐఆర్ వెలుగు బుడగ లోపలే తిరిగి లెన్స్‌లో పడుతుంది. బుడగ మీది పల్చటి ప్లాస్టిక్ పొర పనంతా అయ్యాకే తీయండి, వేలిముద్రలు కూడా రాత్రిపూట మెరుస్తాయి.

బుల్లెట్ గోడకు పుట్టింది. దూరంగా చాచుకుని ఉంటుంది కాబట్టి గోడ నుంచి ఐఆర్ తిరిగి రావడం తక్కువ, ముందున్న చిన్న గొడుగు లెన్స్‌కు ఎండ తగలనివ్వదు. చూరు కింద బిగించవచ్చు, కానీ మెడను తిప్పాక గొడుగు తలకిందులు కాకుండా చూసుకోవాలి. చేతికి అందే ఎత్తులో ఉంటే కర్రతో ఒక్క పోటు చాలు, చూపు ఆకాశానికి మళ్లుతుంది.

టరెట్ రెండుచోట్లా ఒదుగుతుంది. బుడగ లేదు కాబట్టి మసక లేదు, మూడువైపులా తిరుగుతుంది. ఒకటే రకం కొని ఇంటి చుట్టూ పెట్టాలనుకునేవాళ్లకు మా ఓటు దీనికే. చేతికందే చోట, రాళ్లు పడే అవకాశం ఉన్న చోట మాత్రం ఐకే10 ముద్ర (దెబ్బలకు తట్టుకుంటుందని గుర్తు) ఉన్న డోమ్ మేలు.

పీటీజెడ్‌కు, అంటే తిరుగుతూ జూమ్ చేసే కెమెరాకు, గోడ బ్రాకెట్టో మూల బ్రాకెట్టో కావాలి. బరువు ఎక్కువ, తిరిగినప్పుడల్లా కుదుపు. పలుచని చూరు పలక జోలికి పోవద్దు.

బిగించే చోటు దేనితో కట్టారు

గట్టి ఇటుక గోడ అయితే సుఖం. 6 మి.మీ. బిట్, 6 మి.మీ. నైలాన్ ప్లగ్, 4 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు. పొడవు దగ్గరే పొరపాటు జరుగుతుంది. కెమెరాతో వచ్చిన స్క్రూ చాలావరకు పొట్టిగా ఉంటుంది. గోడ మీద ప్లాస్టర్ 12 నుంచి 20 మి.మీ. ఉంటుంది. ప్లగ్ ప్లాస్టర్‌లోనే ఆగిపోతే నాలుగు నెలలకు కెమెరా తల వాల్చేస్తుంది. ప్లాస్టర్ దాటి ఇటుకలోకి కనీసం 30 మి.మీ. దిగేలా 50 మి.మీ. లోతు రంధ్రం, అంతకు తగ్గ పొడవున్న ప్లగ్గు, స్క్రూ తీసుకోండి. రంధ్రంలోని పొడి ఊదేయకుండా ప్లగ్ కొడితే అది సగంలో ఆగుతుంది. ప్లాస్టర్ లేని ఇటుక గోడలో స్క్రూలు ఇటుకలోనే వేయండి, కేబుల్ రంధ్రం మాత్రం సిమెంటు అతుకులో వేస్తే రేపు పూడ్చడం తేలిక.

తేలిక బ్లాకుల గోడలో, అంటే ఏఏసీ బ్లాకుల్లో, డ్రిల్‌ను హ్యామర్ మోడ్‌లో పెట్టకూడదు. రంధ్రం గుంతలా విచ్చుకుంటుంది. మామూలు తిప్పుడుతోనే వేసి, ఆ బ్లాకుల కోసమే చేసిన వెడల్పు పళ్ల ప్లగ్గులు వాడాలి.

ఆర్‌సీసీ చూరులో రెండు విషయాలు. ఒకటి, లోతు. సన్‌షేడ్ అంచు దగ్గర మందం చాలాచోట్ల 75 మి.మీ.కు మించదు. గోడలోంచి చాచుకున్న చూరుకు బరువు మోసే అసలు ఇనుము పైవైపు ఉంటుంది. అడుగు నుంచి 40 మి.మీ. దాటి వెళ్లకండి. అడుగున ప్లాస్టర్ పలుచగా ఉంటుంది కాబట్టి ఆ లోతు చాలు. బిట్ మీద 40 దగ్గర టేపు చుట్టుకుంటే చెయ్యి ఆగుతుంది. బిట్ ఇనుముకు తగిలి ముందుకు పోనంటే బలవంతం వద్దు, పక్కకు 25-30 మి.మీ. జరపండి. రెండోది, కేబుల్ కోసం చూరుకు పైదాకా రంధ్రం వేయకండి. పైన నిలిచిన నీటికి దారి చూపించినట్టవుతుంది.

అడుగున పెచ్చులు లేచినా, తుప్పు మరకలు ఉన్నా, తట్టితే డొల్ల శబ్దం వచ్చినా ఆ చూరు కెమెరాను మోయదు. గోడకు వెళ్లిపోండి.

పీవీసీ పలకల చూరు చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పట్టు ఉండదు. స్క్రూ పలకకే వేస్తే అర కిలో కెమెరా బరువుకు అది వంగుతుంది, గాలికి వణుకుతుంది. ఆ వణుకుకు బొమ్మ మొత్తం కదులుతుంది, కెమెరా ప్రతి కదలికనూ మనిషనుకుంటుంది. పలక ఒకటి విప్పి, వెనక ఫ్రేము నుంచి ఫ్రేముకు 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క బిగించి, పలకను మళ్లీ పెట్టి, స్క్రూలు ఆ ప్లైవుడ్‌లోకి దించండి. పలక విప్పడం కుదరకపోతే తట్టి చూసి ఫ్రేము ఎక్కడుందో పట్టుకుని దానికే వేయండి. ఫైబర్ సిమెంట్ షీటుదీ ఇదే దారి. చెక్క చూరు అయితే ముందు 3 మి.మీ. రంధ్రం వేసి 4 మి.మీ. స్క్రూ తిప్పితే చెక్క చీలదు.

కేబుల్ వచ్చే దారి

చూరు కింద పెడితే వైర్లు కనబడవు అన్న మాట సగం నిజం. లోపల డొల్ల ఉన్న చూరుకే అది వర్తిస్తుంది. కప్పు అటకలోంచి కేబుల్ తెచ్చి పలక మీద నేరుగా కెమెరా వెనకే దించేయవచ్చు. ఆర్‌సీసీ చూరుకు లోపల దారి ఉండదు. గోడలోంచి బయటికి తీసి, చూరు అడుగున అరవై సెంటీమీటర్లు పైపులో పాకించాల్సిందే. గోడ కెమెరాకైతే రంధ్రం సరిగ్గా దాని వెనకే వస్తుంది, బయట అంగుళం వైరు కూడా కనబడదు, కత్తిరించడానికి ఎవరికీ దొరకదు. స్లాబ్ ఇళ్లకు గోడే ఎందుకు నయమో చెప్పే కారణాల్లో ఇది పెద్దది.

రంధ్రం వేసేముందు లోపలివైపు స్విచ్ బోర్డులకు నిటారుగా పైన, కింద వెళ్లే కరెంటు పైపులు చూసుకోండి. చివర నెట్‌వర్క్ ప్లగ్ (ఆర్‌జే45) కొట్టి ఉన్న కేబుల్ దూరాలంటే 16 మి.మీ. రంధ్రం కావాలి. ఖాళీ కేబుల్ దూర్చి తర్వాత ఆర్‌జే45 కొట్టుకునేటట్టయితే 10 మి.మీ. చాలు. లోపలినుంచి ఒకేసారి పెద్ద బిట్ తోస్తే బయట ప్లాస్టర్ పెచ్చులా ఊడుతుంది. ముందు 6 మి.మీ. సన్న బిట్‌తో ఆరపార తీసి, పెద్ద బిట్‌తో రెండువైపుల నుంచీ వెడల్పు చేయండి. రంధ్రం బయటికి వాలి ఉండాలి. 23 సెం.మీ. గోడలో బయటి మూతి 10-15 మి.మీ. కిందికి ఉంటే చాలు, నీరు లోపలికి రాదు.

కెమెరా తోక చివర నెట్‌వర్క్ సాకెట్టు, 12 వోల్టుల పిన్ను, కొన్నింటికి ఆడియో తీగలు ఉంటాయి. వీటన్నిటినీ గోడ రంధ్రంలోకి కుక్కేస్తే మొదటి వానాకాలమే ఆఖరిది. కెమెరా వెనక దాని కొలతకు తగ్గ జంక్షన్ బాక్స్ పెట్టండి. ఇది అనవసరపు ఖర్చని చాలామంది వదిలేస్తారు. మా మటుకు మాకు ఇది లేకుండా బయట కెమెరా బిగించడమంటే మూత లేని సీసాలో నూనె పోసినట్టు. బాక్స్‌లో 30 సెం.మీ. కేబుల్ చుట్టి వదలండి, ఎప్పుడైనా ప్లగ్ తెగ్గొట్టి మళ్లీ కొట్టాల్సి వస్తే పనికొస్తుంది. వాడని రంధ్రాలకు బిరడాలు బిగించండి. నెట్‌వర్క్ సాకెట్టుతో వచ్చే నీళ్లు చొరబడని మూతను, ఆర్‌జే45 కొట్టకముందే కేబుల్‌కు ఎక్కించుకోవాలి. ఆ మూతను మరిచిపోయి కొట్టిన ప్లగ్గును మళ్లీ తెగ్గొట్టని ఎలక్ట్రీషియన్ ఉండడు.

కేబుల్ బయటి పైపులోంచి బాక్స్‌లోకి వెళ్లేచోట ఒక వంపు కిందికి దించి, ఆ తర్వాత పైకి తీసుకెళ్లండి. వైరు వెంట జారిన నీరు ఆ వంపు అడుగున బొట్టుబొట్టుగా పడిపోతుంది.

సిలికాన్ విషయంలో ఎక్కువైతేనే మేలనుకోవద్దు. గోడ మీద బాక్స్‌కు పై అంచు, రెండు పక్కలు పూసి, కింది అంచు 2 సెం.మీ. ఖాళీ వదలాలి. చుట్టూ మూసేస్తే లోపల పట్టిన చెమ్మకు దారి లేక కనెక్టర్లు పచ్చబడతాయి. చూరు కింద అంచుల చుట్టూ పూయనక్కర్లేదు, కేబుల్ రంధ్రం మూతి మూస్తే చీమలు రావు. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ రాగిని తింటుంది, సిమెంటుకూ సరిగా అంటదు. న్యూట్రల్ రకం అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి.

రాత్రి ఆగిపోయే కెమెరా

పీఓఈ అయితే ఒకే క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటూ, బొమ్మా వస్తాయి, 100 మీటర్ల దాకా ఢోకా లేదు. మామూలు పీఓఈ, అంటే 802.3ఏఎఫ్, స్విచ్ దగ్గర 15.4 వాట్లు, కెమెరా దగ్గర 12.95 వాట్లు ఇస్తుంది. స్థిరంగా ఉండే కెమెరాకు అది ఎక్కువే. కేబుల్ మాత్రం పూర్తి రాగిదే కావాలి, అల్యూమినియానికి రాగి పూత వేసినది వద్దు.

12 వోల్టులను ఆ క్యాట్6లోనే ఒక జత తీగల మీద పంపేవాళ్లు ఉంటారు. 24 గేజి రాగి తీగ మీటరుకు 0.084 ఓమ్‌ల నిరోధం. 30 మీటర్లకు పోను రాను కలిపి 5 ఓమ్‌లు. పగలు 0.3 ఆంపియర్లు లాగేటప్పుడు పోయేది 1.5 వోల్టులు, కెమెరా నడుస్తుంది. చీకటి పడి ఐఆర్ వెలిగి 0.7 ఆంపియర్లు లాగితే 3.5 వోల్టులు పోయి చివర 8.5 మిగులుతాయి. కెమెరా ఆగుతుంది, ఐఆర్ ఆరుతుంది, వోల్టేజి లేస్తుంది, కెమెరా మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఐఆర్. తెల్లవార్లూ ఇదే. పగలు వచ్చి చూసిన మెకానిక్‌కు అంతా బాగానే కనబడుతుంది. గోడ కెమెరాను చూరుకు మార్చి పది మీటర్ల కేబుల్ పెంచాక మొదలైన జబ్బులు తరచుగా ఇవే.

బ్యాటరీ కెమెరాలు

వీటికి చూరు వద్దనే చెబుతాం. చాలావాటిలో మనిషిని పసిగట్టేది పీఐఆర్ సెన్సార్. ఒంటి వేడి దాని ముందు అడ్డంగా కదిలితే బాగా పట్టుకుంటుంది, నేరుగా ఎదురొస్తే ఆలస్యం చేస్తుంది. గోడకు 2 నుంచి 2.5 మీటర్ల ఎత్తులో, నడకదారికి అడ్డంగా చూసేలా పెట్టండి. గేటుకు ఎదురుగా పెడితే మనిషి దగ్గరికొచ్చాక రికార్డింగ్ మొదలవుతుంది. పైగా ఛార్జింగ్‌కు దించాలి కదా, ప్రతిసారీ పెద్ద నిచ్చెన ఎక్కడం ఎవరివల్ల అవుతుంది?

ఏ చోటుకు ఏది

గేటూ, నడకదారీ: గోడ, 2.4 నుంచి 2.7 మీటర్ల ఎత్తు, గేటు 5-6 మీటర్ల దూరంలో ఉంటే 4 మి.మీ. లెన్స్. మనిషి తప్పక నడిచే ఇరుకు చోటుకు గురిపెట్టండి.

పోర్టికో, కారు పెట్టే చోటు: సీలింగుకు టరెట్ లేదా డోమ్, 2.8 మి.మీ. కారు హెడ్‌లైట్లు నేరుగా పడే దిశ తప్పించండి, కుదరకపోతే 120 డీబీ డబ్ల్యూడీఆర్ (ఒకే ఫ్రేమ్‌లోని వెలుగు, చీకటి తేడాను సర్దే సౌకర్యం) ఉన్నది తీసుకోండి.

ఇంటి పక్క సందు: చూరు, అంచు దగ్గర, గోడవెంట చూపు. సందు పొడుగ్గా సన్నగా ఉంటే కెమెరాను 90 డిగ్రీలు తిప్పి బిగించి, సెట్టింగుల్లో బొమ్మను నిలువుగా మార్చండి. అడ్డంగా పెడితే ఫ్రేమ్‌లో సగం గోడలే.

రెండు గోడలు కలిసే బయటి మూల: మూల బ్రాకెట్‌తో గోడ. అయితే 2.8 మి.మీ. కెమెరా ఒక్కటి 270 డిగ్రీల మూలను చూడలేదు, రెండు కావాలి.

ఎక్కడ పెట్టినా పొరుగువారి కిటికీ, గుమ్మం ఫ్రేమ్‌లో పడితే కోణం మార్చండి, మారకపోతే ప్రైవసీ మాస్క్‌తో నల్లగా కప్పేయండి.

రంధ్రం వేయకముందే కెమెరాకు కరెంటిచ్చి, ఒకరు అనుకున్న చోట పట్టుకుంటే ఇంకొకరు ఫోన్‌లో చూడాలి. ఆ పరీక్ష చీకటి పడ్డాక చేయాలి, మూడో మనిషి గేటు దగ్గర నుంచి నడిచి రావాలి. నిచ్చెన ఎంత ఎత్తు ఆనితే అందులో నాలుగో వంతు దూరంలో దాని కాళ్లు ఉండాలి, కింద ఒకరు పట్టుకోవాలి. చూరుకు డ్రిల్ చేసేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని, బిట్‌కు ఒక ప్లాస్టిక్ గ్లాసు గుచ్చుకుంటే పొడి గ్లాసులో పడుతుంది. ఫ్రేమ్ కుదిరాక పెన్సిల్‌తో గుర్తు పెట్టి, కెమెరాతో వచ్చిన స్టిక్కర్ అంటించి, దాని చుక్కల మీదే బిట్ ఆనించండి.